కంటి డాక్టరు అను ఒక్క మాట

ఆసిఫాబాదు బజారుకు వచ్చిన కెరమెరి, తిర్యాణి ప్రాంతపు గూడెములవారిని "కండ్లు ఎవరికి చూపించుకున్నవు తాతా?" అని అడిగిన యెడల వచ్చు సమాధానము ఒక్కటే: "కండ్ల డాక్టర్‌కు." ఆ కండ్ల డాక్టరు అద్దాల దుకాణములో బల్లవెనుక నిలుచున్న యువకుడు కావచ్చును, సర్కారు దవాఖానాలో కూర్చుండు నేత్రసహాయకుడు కావచ్చును, బడిలో శిబిరము పెట్టినప్పుడు గోడకు పటము తగిలించి దూరమునుండి చదివించిన ఆప్టోమెట్రిస్టు కావచ్చును, కరీంనగరములోనో హైదరాబాదులోనో శుక్లము తీసిన శస్త్రవైద్యుడు కావచ్చును, మందుల దుకాణములో చుక్కలమందు సీసా చేతికిచ్చిన వ్యాపారి కూడ కావచ్చును. వీరందరిని ఒక్క మాటతో పిలుచుట పల్లెజనుల అజ్ఞానమని తీసివేయుట న్యాయము కాదు. ఏలయన చదువుకొన్న పట్టణవాసులలో సైతము ఆప్టోమెట్రిస్టునకును ఆప్టిషియనునకును గల భేదమును తడుముకొనక చెప్పగలవారు అరుదు. ఐనను ఈ భేదము తెలియకపోవుటవలన కలుగు నష్టము పట్టణమునకంటె అడవికే అధికము. నగరములో ఒక తలుపు తట్టి పొరబడినవాడు మరునాడు వీధి దాటి మరియొక తలుపు తట్టగలడు. ప్రాణహిత ఒడ్డునుండి ఒక దినపు కూలి వదలుకొని బస్సెక్కి వచ్చినవానికి ఆ రెండవ తలుపు తట్టుటకు మరల ఎన్నడు వీలగునో!

కంటిపని ఒక్కరి పని కాదను సంగతి మన దేశములో మిక్కిలి ఆలస్యముగా తెలియవచ్చెను. సుశ్రుతుని ఉత్తరతంత్రములో శుక్లమును శలాకతో ప్రక్కకు నెట్టు విధానము వర్ణితమైయున్నది; ఆ శలాకను పట్టిన వైద్యుడే రోగమును గుర్తించువాడు, పథ్యము చెప్పువాడు, కట్టు కట్టువాడు. 1747లో ఫ్రాన్సు దేశమున జాక్ డావియేల్ శుక్లమును బయటికే తీసివేయు మార్గమును చూపిన తరువాత కూడ కంటివైద్యమనగా శస్త్రవైద్యుని చేయియే అను భావము చిరకాలము నిలిచెను. తెలుగునేలపై ఆ చేతికి అపారమైన కీర్తి తెచ్చినవాడు డాక్టర్ పెరుగు శివారెడ్డి. హైదరాబాదులోని సరోజినీదేవి కంటి ఆసుపత్రికి తన పేరునే మారుపేరుగా చేసిన ఆ మహానుభావుడు, 1971లో పద్మశ్రీ, 1977లో పద్మభూషణ్ పురస్కారములు పొందిన ఆ వైద్యుడు, ఊరూర శిబిరములు పెట్టి లక్షల సంఖ్యలో శుక్లములు తీసెను. బడిగదులు, సత్రములు శస్త్రశాలలైన ఆ దినములలో ఆపరేషను చేయించుకొన్నవారు సీసా అడుగువంటి మందపాటి అద్దములు పెట్టుకొని తిరిగిరి. ఆ అద్దములు పగిలిననాడు మరల గ్రుడ్డివారే అయిరి.

ఈ ఏకహస్తవైద్యమును చెదరగొట్టినది, నా మట్టుకు నాకు తోచినంతలో, ఒక చిన్న కృత్రిమ కటకము. లండనులో హెరాల్డ్ రిడ్లే 1949లో మొదటిసారి కంటిలోపల అమర్చిన ఆ కటకము మన పల్లెలకు చేరుటకు నలుబది ఐదేండ్లు పట్టినది; ప్రపంచబ్యాంకు సహాయముతో 1994లో ఆరంభమైన శుక్లాంధత్వ నివారణ పథకము ఏడు రాష్ట్రములలో అమలు కాగా అందులో నాటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. శుక్లమును తీసివేయుటయే పని అయినంతకాలము కత్తి ఒక్కటి చాలెను. దాని స్థానమున కటకము పెట్టవలెనన్నచో ఆ కంటి పొడవెంత, నల్లగ్రుడ్డు వంపెంత అని ముందుగా కొలిచి, ఎంత శక్తిగల కటకము సరిపడునో లెక్కకట్టవలెను. ఆ కొలత తప్పినచో ఎంతటి నేర్పరి చేసిన ఆపరేషనైనను రోగికి చూపు మసకయే. శస్త్రవైద్యుని కీర్తి అనామకుడైన కొలతగానిపై ఆధారపడిన క్షణముననే కంటివైద్యము ఒక బృందమైనది.

ఆ బృందములో శస్త్రవైద్యుని, అనగా ఆఫ్తల్మాలజిస్టును గూర్చి చెప్పవలసినది తక్కువ. ఆయన ప్రాముఖ్యమును ఎవరును శంకింపరు. ఐదున్నర సంవత్సరముల వైద్యవిద్య, దానిపై మూడేండ్ల ఎం.ఎస్. లేక రెండేండ్ల డిప్లొమా, ఆ మీద నేత్రపటలమునకో నీటికాసులకో పసిపిల్లల కంటికో ప్రత్యేకశిక్షణ: ఇంత చదివినవాడు మందు వ్రాయగలడు, కత్తి పట్టగలడు, లేజరు ప్రయోగించగలడు. ఇంత చదివినవాని దినమును చత్వారమునకు అద్దములు వ్రాయించుటలో గడపించుట సంఘమునకు నష్టము. చత్వారమను పేరులోనే దాని సరళత ఉన్నది. సంస్కృతమున నలుబదిని సూచించు మాటనుండి పుట్టిన ఆ పదము, ఆ వయస్సు దాటిన ప్రతివానికి వచ్చు సహజమైన మార్పును చెప్పుచున్నది; దానికి కావలసినది కత్తి కాదు, ఒక సరియైన అద్దము.

ఆ సరియైన అద్దమును నిర్ణయించువాడు ఆప్టోమెట్రిస్టు. ఈ వృత్తికి మనదేశములో తొలి పాఠశాలలు 1958లో రెండే వెలసెను: ఒకటి అలీగఢులోని గాంధీ కంటి ఆసుపత్రిలో, రెండవది మన సరోజినీదేవి కంటి ఆసుపత్రిలో. తెలంగాణము ఈ విద్యకు పుట్టినిల్లయి ఉండియు, ఈ విద్వాంసుని "అద్దాలాయన" అను మాటకంటె మిన్నగా పిలువ నేర్వకపోవుట నాకు బాధ కలిగించును. నాలుగేండ్ల పట్టములో ఒక పూర్ణసంవత్సరము రోగుల నడుమ పనిచేసి నేర్చిన ఈ విద్య ఎట్టిదో 2023 ఆరంభమున కెరమెరి ప్రక్కనున్న ఒక పల్లెబడిలో, రాష్ట్రప్రభుత్వపు కంటివెలుగు శిబిరముల రెండవ విడత జరుగుచుండగా, నేను దగ్గరనుండి చూచితిని.

ఒక గోండు ముసలమ్మ మనుమరాలి చేయి పట్టుకొని వచ్చెను. ఆమెకు తెలుగు అంతంతమాత్రము. ఆ పిల్ల గోండీలో అడిగి తెలుగులో చెప్పుచుండెను. "అవ్వకు సూదిల దారం ఎక్కుతలేదట సారూ." అంతియే ఫిర్యాదు. అక్షరములు రానివారికై కొమ్ములు నాలుగు దిక్కులకు తిప్పిన ఇంగ్లీషు ఈ-గుర్తుల పటమును ఆరు మీటర్ల దూరమున వ్రేలాడదీసి, "కొమ్ములు ఎటువైపున్నవో చేత్తో చూపియ్యమను అవ్వను" అని ఆ శిబిరములోని యువ ఆప్టోమెట్రిస్టు మనుమరాలికి చెప్పెను. ఎడమకంటితో ముసలమ్మ తడబడక చూపెను. ఎడమ కన్ను మూయించి కుడికంటితో చూడుమనగానే చేయి గాలిలో ఆగిపోయెను. అతడు రెటినోస్కోపు తీసికొని ఆ కంటిపాపలోనికి సన్నని వెలుగుగీత పంపి అటునిటు కదపెను. ఆరోగ్యమైన కంటిలో ఆ వెలుగు ఎఱ్ఱని నిప్పుకణమువలె తిరిగివచ్చి గీతతోపాటు కదలవలెను. దాని కదలికను బట్టి ఎంతశక్తిగల అద్దము కావలెనో, రోగి నోరు విప్పకయే, తెలిసిపోవును. ఇక్కడ ఏ వెలుగును తిరిగిరాలేదు. పాపలో పాలవంటి తెల్లదనమే నిలిచియుండెను. అతడు రెటినోస్కోపు దించి, టార్చిలైటుతో ఒకసారి చూచి, "ఈ కంటికి అద్దాలతో కాదు అవ్వా, మోతిబిందు ముదిరింది, ఆపరేషన్ కావాలె" అనెను. ఎడమకంటి కొఱకు ప్లస్ రెండున్నర అద్దములు పెట్టి సూదీ దారము చేతికిచ్చెను. దారము రెండవ యత్నమున ఎక్కెను. ఆమె ముఖమున నవ్వు విరిసినది. ఐనను నా మనస్సున నిలిచినది ఆ నవ్వు కాదు, కుడికంటికి అద్దము పెట్టక అతడు ఆగిన ఆ క్షణము. తన అద్దములతో కాదని తెలిసి, తన పెట్టెను మూసి, పైవారి పేర చిట్టీ వ్రాయుట అతని విద్యలోని ప్రధానభాగము. ఆ చిట్టీకి మనము ఇంకను విలువ కట్టలేకున్నాము.

దాని విలువ ఊహమాత్రము కాదు. 1996 నుండి 2000 వరకు హైదరాబాదు నగరమునను, పశ్చిమగోదావరి, మహబూబునగరు, ఆదిలాబాదు జిల్లాలలోను 10,293 మంది కండ్లను పరీక్షించి ఎల్.వి. ప్రసాద్ నేత్రవిజ్ఞానసంస్థవారు ఒక గొప్ప సర్వే జరిపిరి. అందులో అంధత్వము 1.84 శాతమని తేలెను. ఆ అంధత్వములో 44 శాతమునకు శుక్లము కారణము కాగా 16.3 శాతమునకు సరిదిద్దని దృష్టిదోషము కారణము. అనగా గ్రుడ్డివారని లెక్కకు వచ్చినవారిలో రమారమి ప్రతి ఆరుగురిలో ఒకనికి కావలసినది కత్తియు కాదు, మందును కాదు. పరీక్షించి అద్దము వ్రాయు మనిషి. 2015-19 జాతీయసర్వేలో అంధత్వము 0.36 శాతమునకు దిగినది సంతోషకరమే. కాని అంధత్వమను పదమునకు ఈ నడుమ ప్రభుత్వము నిర్వచనమునే మార్చెను, ఆరుమీటర్ల గీటును మూడు మీటర్లకు జరిపెను. కావున ఈ రెండు సంఖ్యలను ప్రక్కప్రక్కన పెట్టి చంకలు గ్రుద్దుకొనుట తగదు.

ఆప్టోమెట్రిస్టు వ్రాసిన చీటీని చేతిలో పట్టగల అద్దముగా మార్చువాడు ఆప్టిషియను. ఇతనిది వర్తకుని బల్లయే కాని పని శిల్పిది. రెండు కంటిపాపల నడిమి దూరమును మిల్లీమీటర్లలో కొలిచి, ప్రతి కటకపు కేంద్రము సరిగా ఆ పాప ఎదుటికి వచ్చునట్లు అరగదీసి చట్రములో బిగించవలెను. ఆ కొలత కొద్దిగా జరిగినను, అధికశక్తిగల అద్దములలో అది తలనొప్పిగాను, తల తిరుగుడుగాను పరిణమించి, రోగి "డాక్టరు తప్పుగ రాసిండు" అని అద్దములను గూటిలో పడవేయును. చీటీ వ్రాయక, పరీక్షింపక, నాలుగు చట్రములు పెట్టి చూచి "ఇది మంచిగున్నదా?" అని అమ్ము అలవాటు సంతలలో ఉన్నది, చత్వారమునకు అది కొంత పనికివచ్చినను లోపల ముదురుచున్న నీటికాసులను కప్పిపుచ్చును. నీటికాసులు నొప్పి లేకయే చూపును అంచులనుండి తినుచు వచ్చును; పోయిన చూపు మరల రాదు.

ఆసుపత్రి లోపలి మిగిలిన చేతులను గూర్చి త్వరగా చెప్పుదును. కటకశక్తిని లెక్కించు టెక్నీషియను, శస్త్రశాలలో పరికరముల శుద్ధిని కాపాడు నర్సు, ఆపరేషను భయమును మాటలతో తగ్గించు కౌన్సిలరు, మరణించినవాని బంధువులతో ఆ దుఃఖసమయముననే మృదువుగా మాట్లాడి ఆరు గంటలలోపల నల్లగ్రుడ్డును సేకరించు నేత్రనిధి కార్యకర్త, చూపు ఇక రానివానికి కఱ్ఱ పట్టి నడచుట నేర్పు పునరావాస శిక్షకుడు: వీరిలో ఎవరి పేరును రోగికి తెలియదు, వీరిలో ఎవరు లేకున్నను పని ఆగును.

ఇక ఆసుపత్రి వెలుపలి చేతుల మాట. ఇచ్చటనే ఆసిఫాబాదు కంటికథలో సగము నడచుచున్నది. ఆరుమాసముల కొకసారి అయిదేండ్లలోపు పిల్లల నోట విటమిన్-ఏ ద్రావకము పోయు ఏ.ఎన్.ఎం., ఆ పిల్లలను కేంద్రమునకు పిలిపించు అంగన్‌వాడీ టీచరు, గూడెములో రేచీకటి ఎవరికున్నదో ముందుగా తెలిసికొను ఆశా కార్యకర్త, బోర్డుమీది అక్షరములను ప్రక్కపిల్లవాని పుస్తకములో చూచి వ్రాయుచున్న విద్యార్థిని గుర్తించు ఉపాధ్యాయుడు, వీరిని నేత్రవైద్యబృందములో చేర్చుటకు కొందరు వైద్యులు సంకోచింతురు. వీరు లేని చోట ఆ స్థానమున ఎవరు నిలుచుందురో నేను చూచితిని.

ఒక పత్తిరైతు కంటికి పత్తికట్టె కొన తగిలెను. గాయము గోరంత. మొదటిదినము చనుబాలు పోయించుకొనెను; రెండవదినము ఆకుపసరు పిండించుకొనెను; మూడవదినము ఒక మందుల దుకాణములో చెప్పినట్లు చుక్కలు వేసికొనెను. ఆ చుక్కలలో స్టెరాయిడు ఉండెను. ఎఱ్ఱదనము రెండు దినములలో తగ్గెను, నొప్పి నెమ్మదించెను. మందు పనిచేసినదని ఇంటిల్లిపాది సంతోషించిరి. పొలములోని మొక్కలనుండి వచ్చు బూజు కంటిలో నాటుకొన్నచో స్టెరాయిడు దానికి ఎరువు వంటిది. పైకి శాంతించినట్లు కనబడిన కన్ను లోలోపల కరగుచుండెను. పదునైదవ దినమున "కంట్ల పువ్వు పడ్డది" అని అతడు పట్టణమునకు బయలుదేరునప్పటికి నల్లగ్రుడ్డు మధ్య తెల్లని మచ్చ గట్టిపడెను. ఆ మచ్చను తీయుటకు ఇప్పుడు మరియొకరి నల్లగ్రుడ్డు కావలెను, మహానగరములోని శస్త్రవైద్యుడు కావలెను, నెలల తరబడి మందులు కావలెను. మొదటిదినముననే "పసరు పొయ్యకు అన్నా, చుక్కలు కొనకు, ఇయ్యాలనే దవాఖానకు పోదాం నడువు" అని చెప్పగల ఆశా ఒక్కతె ఆ వాడలో ఉండినచో చాలియుండెడిది. ఆమెకు కంటిలోని బూజు పేరు తెలియనక్కరలేదు; ఏ కంటిని ముట్టరాదో తెలిసిన చాలును.

ఈ అవసరమును గుర్తించి కంటిసేవను అంతస్తులుగా నిర్మించిన ప్రయత్నము పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోనే వేళ్ళూనుట మనకు గర్వకారణము. డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు హైదరాబాదులో స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ సంస్థ నగరము వెలుపల తన తొలి గ్రామీణ కంటి ఆసుపత్రిని 1996లో తెరచినది ఆ జిల్లా పడమటి కొనయందలి ముధోలులో. అది నేడు నిర్మలు జిల్లాలో ఉన్నది. వారి లెక్కలో 5,000 మందికి ఒక విజన్ గార్డియను (అనగా ఊరి కంటికాపరి), 50,000 మందికి ఒక విజన్ సెంటరు, 5 లక్షల నుండి 10 లక్షలమందికి ఒక ద్వితీయస్థాయి ఆసుపత్రి, ఆపైన శిక్షణకేంద్రము, శిఖరమున మహాకేంద్రము. విజన్ సెంటరులో కూర్చుండువాడు డాక్టరు కాదు. ఆ ప్రాంతములోనే ఇంటర్మీడియటు చదివి, ఒక సంవత్సరము శిక్షణ పొందిన స్థానికుడు. చూపు పరీక్షించుట, అద్దములిచ్చుట, చికిత్స కావలసిన కంటిని పోల్చి పైకి పంపుట, ఇవి మూడే అతని పనులు. ఇంత తక్కువ చదివినవాని చేతికి కన్ను అప్పగించుటయా అని ఆశ్చర్యపడువారికి నేను చెప్పునది ఇది: అతనికి అప్పగింపబడినది కన్ను కాదు, తలుపు.

కాని ఈ లెక్కను తెచ్చి ఆసిఫాబాదుపై పరచిచూచినప్పుడు నాకొక శంక పొడసూపినది. 2016 అక్టోబరు 11న ఏర్పడిన కుమురం భీం ఆసిఫాబాదు జిల్లా జనసంఖ్య, 2011 లెక్కలనుబట్టి, 5,15,812. వైశాల్యము 4,878 చదరపు కిలోమీటర్లు. జనసంఖ్యనుబట్టి ఈ జిల్లాకు ఒక ద్వితీయస్థాయి ఆసుపత్రి, పది విజన్ సెంటర్లు, నూరుగురు గార్డియనులు రమారమి చాలుదురు. వైశాల్యమునుబట్టి చూచినచో ఒక్కొక్క విజన్ సెంటరు వంతు దాదాపు 490 చదరపు కిలోమీటర్లు, ఒక్కొక్క గార్డియను వంతు దాదాపు 49. మైదానపు జిల్లాలో 50,000 మంది అనగా ఒక చిన్న పట్టణమును దాని చుట్టుపల్లెలును; ఇక్కడ అదే 50,000 అనగా గుట్టలు, అడవి, వానకాలమున పొంగి దారి మూయు వాగులు. కావున జనమును మాత్రమే లెక్కించు కొలత అడవిజిల్లాకు సహజముగానే అన్యాయము చేయును. ఇచ్చట విజన్ సెంటర్ల సంఖ్య పది కాదు, ఇరువదియైన కావలెను. గార్డియను పనిని గూడెముగూడెమునను ఉన్న ఆశాకే, తగిన శిక్షణతోను తగిన అదనపు భృతితోను, అప్పగించవలెను. ఆసిఫాబాదులో 2023లో వైద్యకళాశాల ఏర్పడినది. దానిలోని నేత్రవిభాగము శస్త్రచికిత్సతోపాటు ఈ మధ్యవరుసవారికి శిక్షణ నొసగు బాధ్యతను కూడ తలకెత్తుకొన్ననాడు గాని దాని రాక ఈ కండ్లకు ఫలింపదు.

ఈ మధ్యవరుసకు చట్టముచేత గౌరవము కల్పించుటలో కూడ మనము వెనుకబడితిమి. సరోజినీదేవి ఆసుపత్రిలో పాఠశాల మొదలైన 1958వ సంవత్సరముననే బ్రిటనులో ఆప్టిషియనుల చట్టము వచ్చి, ఎవరు పరీక్షించవచ్చునో, ఎవరు అద్దములు అమ్మవచ్చునో నిర్ణయించు మండలి ఏర్పడెను. మనకు అట్టి వృత్తులనన్నిటిని ఒక్క గొడుగు క్రిందికి తెచ్చు జాతీయచట్టము 2021లో గాని రాలేదు. అరువది మూడేండ్లు ఈ వృత్తి తన పేరును తానే కాపాడుకొనవలసి వచ్చినది. ఎవడైనను బల్ల పెట్టి కంటిపరీక్ష అని వ్రాసికొనుటకు అడ్డులేకపోయెను.

కంటివెలుగు ఈ చరిత్రలో ఒక పెద్ద అడుగు. 2018 ఆగస్టు 15న మెదకు జిల్లా మల్కాపురములో ఆరంభమైన తొలి విడతలో కోటిన్నరకు పైగా జనుల కండ్లు పరీక్షింపబడెను. 2023 జనవరి 18న ఖమ్మములో రెండవ విడత మొదలాయెను. వైద్యాధికారి, ఆప్టోమెట్రిస్టు, ఏ.ఎన్.ఎం., ఆశా, లెక్కలు వ్రాయువారు ఒకే బడివసారాలో ప్రక్కప్రక్కన కూర్చుండుట పల్లెజనులు మొదటిసారి చూచిరి. దగ్గరిచూపు అద్దములు అక్కడికక్కడే చేతికందెను. ఇతర అద్దములు తయారై తరువాత ఇండ్లకు వచ్చెను. నేను దీనిని మనఃపూర్వకముగా కొనియాడుదును. ఐనను శిబిరము లేచిపోవును, చిట్టీ మిగులును. చిట్టీ వెంట నడుచు మనిషి ఎవరన్నదే మిగిలిపోయిన ప్రశ్న.

నాలుగు మాసముల తరువాత, ఎండకాలమున, ఆ గోండు ముసలమ్మ వాకిలిలో కూర్చుండి గొంగడి చింపు కుట్టుచుండగా చూచితిని. ఎడమకంటి అద్దములు దారముతో తలకు కట్టియుండెను. కుడికన్ను తెల్లగానే ఉండెను. చిట్టీ ఇంటి చూరులో భద్రముగా ఉన్నది. "పత్తి ఏరుడు ఒడిసినంక పోదామన్నది, ఇప్పుడేమో ఆడ గోండీల మాట్లాడేటోళ్ళు ఎవలుంటరని భయపడుతున్నది సారూ" అని మనుమరాలు చెప్పెను. ఆ పిల్ల అప్పుడు ఆసిఫాబాదులో ఇంటర్మీడియటు రెండవ సంవత్సరము చదువుచుండెను. నేను లేవబోవుచుండగా, అద్దముల పెట్టె తెరచి ఒక్కొక్కటి అవ్వ కంటికి పెట్టిచూచిన ఆ సారువలె అగుటకు ఏమి చదువవలెనని అడిగెను. బైపీసీ అయినచో నాలుగేండ్ల పట్టమున్నదని, అంతవరకు ఆగలేనిచో ఒక సంవత్సరపు శిక్షణతో విజన్ సెంటరులో చేరవచ్చునని చెప్పితిని. ఆమె ఆ మాటలను అవ్వకు గోండీలో చెప్పెను. ముసలమ్మ సూదిని గొంగడిలో గుచ్చి ఉంచి, ఏదో అడిగెను.

"ఒక్క సంవత్సరమే అయితే అప్పటిదాంక ఆగుతదట," అని ఆ పిల్ల నవ్వెను. "నువ్వు ఆగవద్దు, వచ్చే సోమవారమే నీతోని నేనొస్త అని చెప్పిన."